స్లాబు మీద ఓడ

"అందరికీ ఒక్కపారే జ్వరమొస్తే మొగులు ఎవరు చూస్తరే?"

నేను ఆకాశం దిక్కు చూసుకుంటూ ఈ మాట అన్నప్పుడు ఎవరికీ జ్వరం రాలేదు. ఓడ కూడా ఇంకా పుట్టలేదు. మా ఇంటి స్లాబు మీద సుద్దముక్కతో గీసిన గీతలు మాత్రమే ఉన్నాయి. ఆ గీతల మధ్య మా ఆయన రాజమల్లు లుంగీ సర్దుకొని, మూతికి మాస్కు తగిలించుకొని, యుద్ధానికి పోయే నావికుడి లెక్క వెల్లకిలా పండుకొని ఉన్నాడు.

"మొగులు చూసుడు వాళ్ళ డ్యూటీ అమ్మా. నువ్వు జర టేపు గట్టిగ పట్టు" అన్నది మా బిడ్డ సంగీత.

టేపు గట్టిగానే పట్టుకున్నాను. భయాన్ని అంతకన్నా గట్టిగా పట్టుకున్నాను.

నా సంగతి ముందే చెప్పుకుంటే మంచిది. నా పేరు లలితమ్మ. ఏడో తరగతి దాకా చదివాను. పెండ్లయి జగిత్యాల దిక్కు నుంచి సూరత్‌కు వచ్చి ఇరవై ఆరేండ్లయింది. ఈ ఇరవై ఆరేండ్లలో నేను భయపడని వస్తువు మా ఇంట్లో లేదు. కుక్కరు పేలుతుందని భయం. చార్జింగు పెట్టిన ఫోను పక్కన ఎవరన్నా పండుకుంటే భయం. పైనుంచి హెలికాప్టర్ పోతే ఆరేసిన బట్టలు లోపలికి తెస్తాను, ఎందుకో నాకే తెలియదు. సంగీతకు బీటెక్‌లో మంచి మార్కులు వచ్చిన రోజు దిష్టి తగులుతుందని భయపడి, అడిగినవాళ్ళందరికీ ఏదో పాసయిందంతే అని చెప్పాను. అది వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటంలో మా పిల్లకు అప్పటి నుంచే చేయి తిరిగింది.

కరోనా వచ్చినంక ఒక మేలు జరిగింది. దేశమంతా నా లెక్కనే అయింది. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడుగుతున్నారు, తలుపు గొళ్ళెం ముట్టడానికి జంకుతున్నారు, ఎవరన్నా తుమ్మితే నాలుగడుగులు వెనక్కి పోతున్నారు. ఆ రెండేండ్లు మా సూరత్ బస్తీ వడోద్‌లో నేను మామూలు మనిషిని.

మా ఇల్లు వడోద్‌లో. కింద మేముంటాం. పైన రెండు పెద్ద గదుల్లో మగ్గాల మీద పనిచేసే మన దిక్కు పిల్లలు ఉంటారు. వాళ్ళకు రెండు పూటలా వండి పెట్టే మెస్ నాది. పగటి డ్యూటీ వాళ్ళు పోతే రాత్రి డ్యూటీ వాళ్ళు వచ్చి అదే చాప మీద పండుకుంటారు. చాప చల్లబడే తీరిక ఉండదు.

సంగీత హజీరా ఓడరేవు దిక్కు ఒక చిన్న కంపెనీలో చేరింది. ఓడల లోపలి గదులు గీసే కంపెనీ. మిషన్లు, తుపాకులు వేరేవాళ్ళు గీస్తారట. మనుషులు పండుకునే గదులు, తినే గదులు, మెట్లు, తలుపులు వీళ్ళవి. ఆరు నెలలు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. దానితో పాటు చేరిన ఇద్దరిని అప్పటికే ఇంటికి పంపేశారు. ఏప్రిల్ ముప్పై దాని ఆఖరు తారీకు. అంతలోపల ఒక కొత్త ఓడలో దాని వంతుకు వచ్చిన గది పెద్దవాళ్ళకు నచ్చాలి. నచ్చకపోతే సంగీత కూడా ఇంటికే. అప్పటికే ఇంట్లో కూర్చొనే పనిచేస్తున్నది కాబట్టి ఇంటికి పంపడం అంటే ఏందో నాకు మొదట్లో అర్థం కాలేదు.

"ఏ దేశం ఓడ బిడ్డా?" అని అడిగాను.

"చెప్పొద్దు అమ్మా. చెప్పనని రాసిచ్చిన."

"మనదేనా? మనల్ని కొట్టేటోళ్ళదా?"

"అమ్మా."

"నేనెవరికి చెప్తనే?"

"నువ్వు కూరగాయలాయనకు చెప్తవ్."

అది నిజమే. అందుకే మళ్ళీ అడగలేదు.

ఓడ సంగతి మాత్రం మెల్లగా చెప్పింది. దాన్ని ఫ్రిగేట్ అంటారట. పెద్ద ఓడల పక్కన కావలి పోతుంది. పైనుంచి విమానం గాని, క్షిపణి గాని వస్తే ముందుగా చూసి మొగుల్లోనే కొట్టెయ్యాలి. దాని నెత్తి మీద ఒక గుండ్రటి రాడారు ఉంటుంది, నాకైతే బోనం ఎత్తుకున్నట్టు కనబడింది. ముందు భాగంలో క్షిపణులు నిలబెట్టే గళ్ళు, కోడిగుడ్ల అట్ట తీరుగా ఉంటాయట. ఆ గళ్ళ దగ్గర సంగీత తెర మీద అంతా ఖాళీయే. "అది మనకు చూపియ్యరు" అన్నది. చూపియ్యనందుకు నాకు కొంచెం నిమ్మళమయింది.

రాడారు ముందర కూర్చొని రాత్రింబగళ్ళు మొగులు చూసేవాళ్ళు ఇరవై నలుగురు. ఎనమండుగురు చూస్తుంటే ఎనమండుగురు పండుకుంటారు, మిగతా ఎనమండుగురు తింటారు, స్నానం చేస్తారు. ఆ ఇరవై నలుగురు ఉండే గదే మా బిడ్డ గీయాల్సింది.

తెర మీద చూస్తే గది గది లెక్కనే కనబడుతుందట గాని, మనిషి పక్కకు మళ్ళుతాడా లేదా తెలియదట. మామూలుగానైతే ఆఫీసులో పెద్ద హాలులో గీసి చూస్తారు. ఇప్పుడు ఆఫీసు సగం మూతబడింది కదా, అందుకని మా స్లాబు మీద గీసింది. అట్లా మా ఇంటి మీదికి యుద్ధ ఓడ వచ్చింది. ఆయన ఒక మంచంలో పండుకున్నాడు. పక్క మంచంలో నన్ను పండుకోమన్నది. పండుకున్నాను. ఎండకు కాగిన స్లాబు వీపుకు చురుక్కుమన్నది.

"మళ్ళరాదు బిడ్డా" అన్నాడు ఆయన, ఇటు మళ్ళి నా మీద చేయి పడేసి.

"నాయినా, నువ్వు మీసం మందం జరుగు. అది గోడ."

"గోడ ఏదే? గీతే కదా."

"గీతనే గోడ."

నేను లేచి కూర్చొని మంచాలు లెక్కబెట్టాను. ఎనిమిది వరుసలు, ఒక్కో దాంట్లో మూడంతస్తులట. ఒక్కటే గది. ఒక్కటే తలుపు.

"అందరిని ఒక్క దగ్గరనే పెట్టినవేందే?"

అప్పుడు సంగీత మొఖం వెలిగింది. ఆ వెలుగు నాకు ఇప్పటికీ గుర్తున్నది. "నీ దగ్గరే నేర్చుకున్ననమ్మా. సచిన్ కార్ఖానా వాళ్ళందరిని ఒక్క గదిల పెట్టి, మెట్ల కింది నుంచి ఒక్క కేక పెడుతుంటివి చూడు, అందరు లేస్తుండిరి. ఇది గూడ అంతే. మీదికెళ్ళి క్షిపణి వస్తే నిమిషం గూడ టైం ఉండదు. వాళ్ళు పనిచేసే గది ఈ పక్కనే. ఒక్క పిలుపుకు అందరు సీట్లల్ల ఉంటరు."

నేను మంచాలు మళ్ళీ లెక్కబెట్టాను.

ఎందుకో చెప్పాలంటే అంతకు ముందటి ఏడు సంగతి చెప్పాలి. జ్వరాల సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గాని, దాంట్లో నా తప్పు నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి కూడా కాదని అందరూ అనుకున్నారు.

పైన రెండు గదులని చెప్పాను కదా. ఒకదాంట్లో సచిన్ దిక్కు కార్ఖానా వాళ్ళు పదకొండు మంది, ఇంకోదాంట్లో ఖటోదరా దిక్కు కార్ఖానా వాళ్ళు. అట్లా పంచింది నేనే. ఎందుకంటే నాకు సులువు. ఒక్క కార్ఖానాకు పోయేవాళ్ళు ఒక్క దగ్గర ఉంటే ఒక్క గిన్నె పైకి పోతుంది, ఒక్క కేకకు పని అయిపోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. మొదటి లాక్‌డౌన్ ఎత్తేసి మగ్గాలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టినంక, జూలైలో, లింగం అనే పిల్లగాడికి దగ్గు మొదలైంది. మూడో రోజుకు గదిలో పదకొండు మందికీ జ్వరం. అందరూ బతికారు. కానీ ఆ కార్ఖానాలో మన పిల్లలు నడిపే మగ్గాలన్నీ ఒక్క రోజే ఆగిపోయాయి. సగం మంది ఉంటే సేటు ఓపిక పట్టేవాడే. ఒక్కడు కూడా లేకపోతే ఎన్ని రోజులు చూస్తాడు? వారంలో వేరేవాళ్ళను తెచ్చుకున్నాడు. పద్నాలుగు రోజులు లోపల ఉండి బయటికి వస్తే పదకొండు మందికీ పని లేదు.

చెరి సగం కలిపి పండుకోబెట్టి ఉంటే ఏమయ్యేదని నేను ఇప్పటికీ వండుకుంటూ అనుకుంటాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. లింగమైతే పోయేముందు "వస్తనమ్మా, నీ పప్పు మస్తుంటది" అన్నాడు. తన పేరు చెక్కించుకున్న స్టీలు కంచం ఇక్కడే మర్చిపోయాడు. అది గూట్లో అట్లనే ఉన్నది. ఇల్లంతా కంచాలు సరిపోకపోయినా దాంట్లో ఇంకొకరికి వడ్డించలేదు.

అంత భయపడేదాన్ని, కుక్కరుకు భయపడి, హెలికాప్టరుకు భయపడి, సరిగ్గా భయపడాల్సిన దగ్గర మాత్రం ఎంత తెలివిగా పంచానో అని మురిసినదాన్ని నేను. ఇప్పుడు నా తెలివిని నా బిడ్డ తీసుకుపోయి యుద్ధ ఓడలో పెట్టింది.

అందుకే అడిగాను, అందరికీ ఒక్కపారే జ్వరమొస్తే మొగులు ఎవరు చూస్తరని.

అది టేపు చుట్టి, "ఇంకేం భయాలున్నయో అన్ని ఒక్కపారే చెప్పు" అన్నది.

నేను చెప్పాను. అదే నేను చేసిన తప్పు. పై మంచం మీది నుంచి పడితే ఎట్లా అన్నాను. ఉప్పు అయిపోతే నడి సముద్రంలో ఎక్కడ తెస్తారు అన్నాను. తలుపు ఇనుముది కదా, వేళ్ళు నలిగితే అన్నాను. అసలు భయాన్ని తీసుకుపోయి పనికిరాని భయాల కుప్పలో పడేశాను.

"అమ్మా, నీకు గాలికి భయం, నీళ్ళకు భయం. వీటిల ఏది నిజమని పట్టుకోవాలె నేను?"

ఏది నిజమైన భయమో నాకూ తెలియదు. అన్నీ ఒక్క తీరుగానే వస్తాయి.

"ఒక్క ఓడనే కదా" అన్నాడు ఆయన, నన్ను సముదాయించాలని.

"ఒక్కటి కాదు నాయినా. క్లాసు అంటరు. ఒక్క డిజైనుకు ఆరు ఓడలు. ముప్పై ఏండ్లు తిరుగుతయి."

ఆరు ఓడలు, ఆరు గదులు. నా తప్పు ముప్పై ఏండ్లు సముద్రాల మీద తిరుగుతుంది. ఆ రాత్రి మెస్‌లో పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. పిల్లలు నీళ్ళు తాగుకుంటూ తిన్నారు.

ఏప్రిల్ పందొమ్మిదిన పెద్దవాళ్ళు ఆ గదిని చూసే మీటింగు. ఆఫీసుకే రావాలన్నారు. కాగితం పెద్దది, టేబుల్ మీద పరిచి చూడాలి. రహస్యం కాబట్టి తలుపులు మూసి, ఏసీ వేసుకొని కూర్చుంటారట.

"తలుపులు మూసా?" అన్నాను.

"మాస్కులు పెట్టుకుంటం అమ్మా."

"ఏసీ వేసా?"

అప్పటికి మా గల్లీలో పొద్దున లేస్తే అంబులెన్సు చప్పుడే. నేను వద్దన్నాను, ఏడ్చాను, తిండి మానేస్తానన్నాను. ఏదీ పని చేయలేదు. పందొమ్మిది పొద్దున అది కొత్త డ్రెస్సు వేసుకొని బ్యాగు తగిలించుకునే సరికి నేను గడప మీద అడ్డంగా పండుకున్నాను.

నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు ఇంకేమీ తోచలేదు. మా ఇంట్లో పండుకున్న మనిషిని ఎవరూ దాటరు. దాటితే ఆ మనిషికి మంచిది కాదని చిన్నప్పటి నుంచీ దానికి నేర్పింది నేనే. బీటెక్ చదివినా అది పోలేదు.

"లే అమ్మా."

"లేవను."

"నాయినా, చెప్పు."

"నేనేం చెప్పాలె? దాటుమని నేనైతే అనలేను" అన్నాడు ఆయన, చాయ్ గ్లాసు పట్టుకొని.

పక్కింటి వెంకటవ్వ బయటి నుంచి తొంగి చూసి, "ఏమైందే లలితా, కండ్లు తిరిగినయా?" అన్నది. "ఏం లేదవ్వా, ఇంట్ల నేల సల్లగున్నది" అన్నాను. ముప్పావు గంట అట్లనే ఉన్నాను. దోమలు కుట్టాయి. చివరికి సంగీత ఫోను తీసి, బిల్డింగులో జ్వరాలున్నాయి, ఇంటి నుంచే చూపిస్తానని ఆఫీసుకు అబద్ధం చెప్పింది. "అందరు ఆడ కూసుంటరు. నేనొక్కదాన్నే పెట్టెల బొమ్మ లెక్క కనబడుత. నా నౌకరి పోతే నీ పేరే చెప్త" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నది.

మీటింగు అయ్యేదాకా వంటింట్లోంచి కదలొద్దని ఒట్టు పెట్టించింది. కుక్కరు పెట్టొద్దన్నది. నాకు సంతోషమే. కానీ తలుపు అవతల దాని మాట ఎండిపోయినట్టు వినబడింది. గొంతు ఆరితే ఎట్లా మాట్లాడుతుందని పసుపు పాలు కలిపాను. గ్లాసు తలుపు సందులోంచి జరిపి వచ్చేద్దామనుకున్నాను. ఒట్టు తప్పినట్టు కాదు, చేయి ఒక్కటే లోపలికి పోతుంది.

తలుపు తీసేసరికి తెర మీద పొడుగు టేబుల్, దాని చుట్టూ నలుగురు మనుషులు. నడిమధ్యన తెల్ల జుట్టాయన మల్లికార్జునరావు గారు, సంగీత వాళ్ళ పెద్ద సారు. నేవీలో ముప్పై ఏండ్లు చేసి వచ్చినాయన, కోస్తా మనిషి. ముందర ఓడ కాగితం పరిచి ఉన్నది.

సంగీత హిందీలో చెప్తున్నది. "సర్, యే అరేంజ్‌మెంట్ మైనే ఘర్ మే దేఖా హై. మేరీ మమ్మీ కే మెస్ మే ఐసే హీ చల్తా హై."

నా మమ్మీ మెస్‌లో ఇట్లనే నడుస్తదని. అంత మందిలో, అంత పెద్ద సారు ముందర, నా పేరు చెప్పుకొని గొప్పగా.

"నహీ చలా సాబ్, నడవలేదు" అన్నాను.

నేను అనాలని అనలేదు. పాలు ఒలికినట్టు నోట్లోంచి ఒలికింది. సంగీత వెనక్కి తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అయినా ఆగలేదు. హిందీ అయిపోతే తెలుగు, తెలుగు అందకపోతే చేతులు. లింగం దగ్గు చెప్పాను. పదకొండు మంది చెప్పాను. మగ్గాలన్నీ ఒక్క రోజే ఆగిపోయినయని చెప్పాను. అట్లా పంచింది నేనేనని, ఆ పంచుడే తప్పని ఈ పిల్లకు తెలవదని చెప్పాను. ఆఖరుకు, "ఆ ఇరవై నలుగురికి ఒక్కపారే జ్వరమొస్తే మొగులు ఎవరు చూస్తరు సారూ?" అని అడిగాను.

అడిగి చూస్తే నా చేతిలో గ్లాసు ఖాళీ. పసుపు పాలు నా చీర మీద, సంగీత కొత్త డ్రెస్సు మీద ఉన్నాయి.

తెర మీద నలుగురూ బొమ్మల్లాగా ఉన్నారు. నెట్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు, ఒకాయన పెన్ను తిరుగుతున్నది. మల్లికార్జునరావు గారు కళ్ళద్దాలు తీసి కాగితం మీద పెట్టారు. తర్వాత ఎవరి దిక్కూ చూడకుండా, "ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం" అన్నారు. తెర నల్లబడింది.

సంగీత లేచి తెర మూసింది. డ్రెస్సు మార్చుకున్నది. అంతే.

మరునాడు ఆఫీసు నుంచి ఫోను రాలేదు. ఆ మరునాడు కూడా రాలేదు. సంగీత మెయిల్ పెట్టింది, జవాబు లేదు. ఆఫీసు నంబరు మోగి మోగి ఆగింది. సారుకు రెండు పార్లు చేసింది, ఎత్తలేదు. మూడో పారి చేయడానికి దానికి మనసు రాలేదు. నాతో ఒక్క మాట లేదు. తిందువు రావే అంటే వస్తుంది, తింటుంది, కంచం కడిగి పెడుతుంది.

నా బుర్ర మాత్రం ఖాళీగా లేదు. నాలుగో రోజుకు నాకు పోలీసులు గుర్తుకొచ్చారు. రహస్యం మీటింగులో దూరిన ఆడదాన్ని ఊరికే వదులుతారా? సాక్ష్యం ఏముందని చూస్తే స్లాబు మీద ఓడ ఉన్నది. చీపురు, బకెట్ పట్టుకొని పైకెక్కి ఇరవై నాలుగు మంచాలు కడిగేశాను. మిగిలిన సుద్దముక్కలు ఎవరికీ దొరకని దగ్గర దాచాను. బట్టలు తీయడానికి వచ్చిన సంగీత తడి స్లాబు వంక చూసి, నా వంక చూసి, బట్టలు తీసుకొని కిందికి పోయింది. దానికన్నా పోలీసులు రావడమే నయమనిపించింది.

ఏడో రోజు వాళ్ళ నాయినతో అన్నదట, "నౌకరి పోయినట్టే నాయినా. రేపటి నుంచి నేను గూడ మెస్‌లనే చేస్త" అని. అన్నట్టే మరునాడు వంటింట్లోకి వచ్చింది. పిండి పిసికింది, పైన పిల్లలకు వడ్డించింది. కంచాలు తక్కువ పడి గూట్లో చేయి పెట్టింది. లింగం కంచం చేతికి వచ్చింది. దాని మీది పేరు వేలు పెట్టి చదివింది. నేను పైటతో తుడిచినట్టే చున్నీతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. నేను చూడనట్టు ఉల్లిగడ్డ కోసుకున్నాను. ఉల్లిగడ్డకు మంచి పేరున్నది, కండ్లలో నీళ్ళెందుకని ఎవరూ అడగరు.

తొమ్మిదో రోజు, ఇరవై ఎనిమిదిన, పొద్దున పదకొండింటికి ఫోను మోగింది. సంగీత రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. తెర మీద సారు పేరు. అది కదల్లేదు. నాలుగు పార్లు మోగినంక నేనే వేలితో నొక్కాను. గొంతు వంటిల్లంతా వినబడింది.

"సంగీతా?" మల్లికార్జునరావు గారే, కానీ గొంతు బాగా నీరసంగా ఉన్నది. "మీ అమ్మగారు పక్కన ఉన్నారా?"

"లేను సార్" అన్నాను.

అవతల నవ్వు, దాని వెనక దగ్గు, దగ్గు ఆగినంక మళ్ళీ కొంచెం నవ్వు. "ఉండకపోయినా వినండమ్మా. మీరు ఆ రోజు ఒకటి అడిగారు. జవాబు చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ గదిలో మేం నలుగురం కూర్చున్నాం చూడండి, మూడో రోజుకల్లా నలుగురమూ మంచం ఎక్కేశాం. మూడు రోజులు నాకు ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు, గండం గడిచింది లెండి. ఆఫీసులో ఈ పని తెలిసినవాడు ఒక్కడు లేడు. కాగితం చూసేవాడు లేడు, ఫోనెత్తేవాడు లేడు. అందరం కలిసి ఒకే గదిలో కూర్చుని మీ ప్రశ్నకు జవాబు చూపించాం."

నాకు సంతోషం కావాల్సింది. కాలేదు. నా నోరు మంచిది కాదని, నేను అన్నందుకే వాళ్ళకు వచ్చిందని భయం వేసింది. "నా నోట్ల నుంచి వచ్చినందుకేమో సార్" అన్నాను.

"కాదమ్మా. ఏసీ వేసి తలుపులు మూసినందుకు." ఆయన ఊపిరి తీసుకున్నారు. "మేం ఓడ మీద ఉన్నప్పుడు రాడారు వాళ్ళను రెండు చోట్ల పడుకోబెట్టేవారు. ఒకచోట దెబ్బ తగిలితే రెండోచోట మనుషులుంటారని. నాకు తెలిసిన సంగతే. చోటు మిగులుతోంది, మనుషులు దగ్గర్లో ఉంటారు అనేసరికి నేను కూడా సరే అన్నాను. తప్పు మీ అమ్మాయి ఒక్కదానిదీ కాదు, మీదీ కాదు."

ఆయన "మీదీ కాదు" అన్నప్పుడు ఆ పదకొండు మందిని గురించి అనలేదని నాకు తెలుసు. అయినా చెవులకు ఆ మాట ఇంకో పారి వినాలనిపించింది.

"సంగీతా, ముప్పయ్యో తారీకున నీ కాగితం మీద నేను సంతకం పెట్టాలి. ఆ గది సరిగ్గా ఉంటే పెడతాను, లేకపోతే పెట్టను. అది మారదు. పడుకునేది రెండు చోట్ల, సీట్లోకి రావడం మాత్రం ఒక్క నిమిషంలోనే. నాకు కూర్చునే ఓపిక లేదు, మిగతావాళ్ళు లేవలేదు. కాళ్ళ మీద నిలబడి ఉన్నది నువ్వొక్కదానివే. రెండు రోజుల్లో అవుతుందా?"

సంగీత పిండి చేతులు పైకెత్తుకొని నిలబడింది.

"హలో?" అన్నారు ఆయన.

చేతులకు పిండి ఎండిపోతున్నది. తొమ్మిది రోజులు తల్లితో మాట్లాడకపోతే మనిషికి మాట పడిపోతుందా అని నాకు భయం. ఫోను కట్ అయిపోతుందని భయం. అవునని చెప్పినంక రెండు రోజుల్లో కాకపోతే, అది ఇంకో భయం.

"హలో, సంగీతా? వినబడుతోందా?"

అది తల ఎత్తింది. ఫోను దిక్కు కాదు, నా దిక్కు చూసింది.

"సుద్దముక్కలు ఏడ దాచినవే అమ్మా? తొందరగ తీస్కరా. నిన్నో దిక్కు, నాయిననో దిక్కు పండుకోబెట్టాలె."